పాండురంగయ్య చదివిన సరిహద్దు ఉత్తరాలు

నంద్యాల తాలూకా కచ్చేరి ముందు కూచుని పాండురంగయ్య అర్జీలు రాసేవాడు. ఇంగ్లీషులో కూడా రాయగలడని గడివేముల నుంచీ, వెలుగోడు నుంచీ రైతులు వెతుక్కుంటూ వచ్చేవారు. బలం లేనివాడు బలమున్నవాడికి ఎట్లా రాయాలో ఆయనకు బాగా తెలుసు.

1959లో చైనాతో సరిహద్దు పేచీ పత్రికలకెక్కింది. ఐదేళ్ల కిందట పంచశీల ఒప్పందం కుదిరినప్పుడు ఆ వార్తను కచ్చేరి దగ్గర అందరికీ చదివి వినిపించింది ఆయనే. అంత స్నేహం ఎట్లా చెడిందో తెలుసుకోకుండా ఉండలేకపోయాడు. రెండు ప్రభుత్వాలూ రాసుకున్న ఉత్తరాలను శ్వేతపత్రంగా అచ్చువేశారని తెలిసి, ఢిల్లీకి రాసి తెప్పించుకున్నాడు.

మొదటి ఉత్తరం దగ్గరే ఆగిపోయాడు.

"ఇదేందే! ఒప్పందమై మూణ్ణెల్లన్నా కాలేదు, మన సిపాయిలు వాళ్ల చోటికొచ్చినారని ముందు ఫిర్యాదు చేసింది వాళ్లే," అన్నాడు భార్య మహానందమ్మతో.

"మనమేమన్న్యాం?" ఆమె జొన్నలు చెరుగుతూ అడిగింది. తమ్ముడు సంజీవయ్య పటాలంలో ఉన్నాడు కాబట్టి ఆ ఉత్తరాల మీద ఆమెకూ ధ్యాస ఉంది.

"ఆ చోటు మాదే అన్న్యాం. మర్యాదగానే."

ఆ చలికాలమంతా సాయంత్రాలు అదే పని. మొదటి ఏళ్లలో స్నేహం చెడకూడదని మనవాళ్లు పేచీని బజారున పెట్టలేదు. ఆ తర్వాత సంజాయిషీ అడిగారు. చివరికి నిరసన తెలిపారు. మాట మారిన చోటల్లా ఆయన పెన్సిలుతో గీత గీశాడు.

"మన నేల మీద వాళ్లు రోడ్డేసినారంట," అన్నాడొకనాడు. "ఆ పక్కకు గస్తీ పోయిన మనోళ్లు తిరిగి రాలేదు. వాళ్లేమైనారో మీకేమన్నా తెల్సునా అని చైనావాళ్లనే అడిగినాం!"

మహానందమ్మ చేట పక్కన పెట్టింది. "ఏమన్న్యారు?"

"పట్టుకున్న్యాం, పంపిచ్చేసినాం అన్న్యారు."

ఆమె మళ్లీ చేట అందుకుంది.

1960 ఏప్రిల్లో ఢిల్లీలో జరిగిన చర్చలు తెగలేదు. అయితే ఇరుపక్షాల అధికారులూ కలిసి దస్తావేజులు పరిశీలిస్తారని పత్రికల్లో వచ్చింది. పాండురంగయ్యకు ప్రాణం లేచివచ్చింది. ఆ వేసవిలోనే సంజీవయ్య లడఖ్ నుంచి సెలవు మీద దిగాడు.

"కాగితాలు ముందరేసుకోని చూస్తారంట సంజీవయ్యా! మన పాత పత్రాలు గట్టిగా ఉండాయి."

"ఉండనీ బావా. వాళ్ల లారీలు సరిహద్దు దాకా నేరుగా వచ్చి నిలబడతాయి. మేం లారీ దిగినాంక పద్దినాలు నడ్సల్ల. పిండీ ఉప్పూ కంచరగాడిదల మీద రావల్ల. ఇప్పుడిప్పుడే మనోళ్లు రోడ్డేస్తాండారు, ఆడాడ కాపలా ఠాణాలు పెడతాండారు."

"ఠాణాకు ఎంతమంది?"

"అది చెప్పకూడదు బావా," అని సంజీవయ్య నవ్వాడు.

"సరే, వద్దులే. ఆడ ఊపిరాడుతాదా?"

"నాలుగడుగులేసి నిలబడల్ల."

"మరి కంచరగాడిదలకు?"

"వాన్ని అన్నం తిననీ!" అని మహానందమ్మ కసురుకుంది.

అన్నేసి ఉత్తరాలు చదివినా, ఆ పది దినాల నడక పాండురంగయ్యకు ఎక్కడా తగల్లేదు. సంజీవయ్య చెయ్యి కడుక్కునేదాకా ఆగి, మళ్లీ అడగడం మొదలుపెట్టాడు.

మరుసటి వారం, తర్వాతి శ్వేతపత్రం కోసం ఢిల్లీకి రాస్తూ, కొండల ఎత్తులు గుర్తించిన పటం ఎక్కడ దొరుకుతుందో కూడా అడిగాడు.