మర్విన్ ఇచ్చిన బంతి

టర్రకల్లా ఊరి ఫుట్‌బాల్ జట్టులో మర్విన్ ట్రెగోవన్‌కు బంతి అందించినవాళ్లు చాలామంది ఉన్నారు. అతని దగ్గర్నుంచి పుచ్చుకున్నవాడు మాత్రం ఒక్కడూ లేడు. తన మాంసం కొట్లో ఎంతో ధారాళమైన మనిషి. తూకం అయ్యాక ముసలమ్మలకు ఓ సాసేజి ఊరికే వేసేవాడు. శనివారం మధ్యాహ్నం జెర్సీ తొడుక్కున్నాడంటే మాత్రం పిల్లికి బిచ్చం పెట్టడు.

వాళ్లాడే ఫుట్‌బాల్‌లో బంతిని చేత్తోనూ పట్టొచ్చు. మర్విన్ అవతలి జట్టు గోల్ స్తంభాల ముందు కాపు కాసి, అవతలివాడి భుజం మీద మోకాలు పెట్టి గాల్లోకి లేచి బంతి పట్టేవాడు. అలా పట్టినవాడికి నింపాదిగా గురిచూసి తన్నుకునే హక్కుంది. మర్విన్ ఆ హక్కును పండగలా జరుపుకునేవాడు. సాక్సు పైకి లాక్కునేవాడు, గడ్డి పీకి గాలికి ఎగరేసేవాడు, ముక్కు చీదేవాడు. ఆ కాసేపూ డారిల్ పెట్ష్ అనే బక్కపల్చని గోధుమ రైతు స్తంభాల ఎదుట ఖాళీగా నిలబడి చేతులూపేవాడు. మూడేళ్లుగా ఊపుతూనే ఉన్నాడు.

"ఒరే మర్వ్, నేను కనపడ్డంలేదట్రా?"

"ఎందుకు కనపళ్లేదూ? స్తంభాలు ఇంకా బాగా కనపడ్డాయి."

గోల్ పడితే, మైదానం కంచెకు ముక్కు ఆనించి నిలబెట్టిన కార్లన్నీ హారన్లు మోగించాలి. ఏ హారన్ ఎవరిదో మర్విన్ కళ్లు మూసుకుని చెప్పగలడు. మోగనిది ఒక్కటే, అతని భార్య గ్లెనిస్‌ది. ఆవిడ స్టీరింగు వెనకాల కూర్చుని స్వెట్టర్ అల్లుకునేది. హారన్ చెడిందేమోనని మర్విన్ మెకానిక్‌కి కూడా చూపించాడు. నిక్షేపంలా ఉంది, ఎద్దు రంకెలా మోగింది.

"ఒక్కసారి నొక్కితే నీ సొమ్మేం పోతుందే?"

"నీ గురించి నువ్వే కావలసినంత మోగుతావుగా, మధ్యలో నేనెందుకు?"

ఆ మాట అతనికి ముల్లులా గుచ్చుకునేది. వంద గోల్స్ కొడితే ఆవిడే నొక్కుతుందని నమ్మాడు. ఒకే సీజన్‌లో వంద కొట్టినవాడి కోసం జనం కంచె దూకి మైదానంలోకి పరిగెత్తుకొస్తారు. మర్విన్ ఒక ఏడాది మోకాలి దెబ్బతో ఆగాడు, ఇంకో ఏడాది వానకు ఆటలు రద్దయి ఆగాడు. ఇదే ఆఖరి సీజనని డాక్టరు తేల్చేశాడు. ఫైనల్ చివరి నిమిషానికి అతని గోల్స్ తొంభై తొమ్మిది. జట్టు మూడు పాయింట్లు వెనకబడి ఉంది. గోల్‌కి ఆరు పాయింట్లు, కాబట్టి ఒక్క గోల్‌తో కప్పూ వస్తుంది, వందా నిండుతుంది.

స్తంభాలకు ఓ పక్కగా, చాలా దూరంలో మర్విన్ బంతి పట్టాడు. జనం అప్పుడే కంచె మీద ఒక కాలు వేశారు. స్తంభాల ఎదుట డారిల్ చేతులూపాడు.

"డారిల్‌కియ్యరా, నీకు పుణ్యముంటుంది!" కెప్టెన్ గొంతు చించుకున్నాడు.

మర్విన్ సాక్సు లాక్కున్నాడు. గడ్డి ఎగరేశాడు. తన్నాడు.

బంతి కాలి అంచుకు తగిలి అడ్డంగా జారిపోయి, తిన్నగా డారిల్ చేతుల్లో పడింది. డారిల్ అది ఎవరి కోసమోనని వెనక్కి తిరిగి చూసుకున్నాడు పాపం. తర్వాత తన్నాడు. గోల్! ఆట ముగిసిందని సైరన్ కూసింది, జనం దూకారు.

"వంద గోల్స్ కీర్తిని జట్టు కోసం వదులుకున్న త్యాగమూర్తి!" అని ఊరి రేడియో ఏడ్చినంత పని చేసింది. క్లబ్బులో మొదటి బీరుకు మర్విన్ నిజం చెప్పబోయాడు. రెండో బీరుకు ఊరుకున్నాడు. మూడోదానికి, ఆ పాస్ గురించి నెల కిందటే ఆలోచించి పెట్టుకున్నట్టు అతనికే గుర్తొచ్చింది. అసలు ఆనందం వేరే ఉంది. అంత గోలలోనూ ఎద్దు రంకె అతనికి స్పష్టంగా వినపడింది.

ఇంటిదారిలో కారు నడుపుతున్న గ్లెనిస్ వైపు తిరిగాడు.

"నీ దగ్గర దాపరికమెందుకు గానీ గ్లెన్, అది కాలు జారి పోయిన బంతి."

"తెలుసు. నీ కాలు సంగతి నాకు తెలీదూ?"

"మరి హారన్ కొట్టావుగా?"

"నీకనుకున్నావా? డారిల్‌కి కొట్టాను. ఎన్నాళ్లని ఊపుతాడు చేతులు?"

మర్విన్‌కు మోకాలి దెబ్బ కూడా ఇంత నొప్పి పెట్టలేదు. ధాన్యం గోదాముల దగ్గర వెనకనుంచి ఓ ట్రక్కు వచ్చి వాళ్లను దాటింది. కిటికీలోంచి డారిల్ అలవాటుగా చెయ్యి ఊపాడు.

మర్విన్‌కు ఈసారి కనపడ్డాడు.