ఫోన్ ఎత్తని మనిషి

కె.ఆర్.పురంలో గోనెసంచులు కుట్టే గోపాలప్ప వేళ్లనిండా దబ్బనం గాట్లే. వాటికి బెదరడు. ఫోన్ మోగితే మాత్రం నంబరైనా చూడకుండా భార్య చౌడమ్మ చేతికిస్తాడు. కుట్టుమిషన్ కోసం తెచ్చిన అప్పు కట్టలేకపోయిన నాటి అలవాటది. అప్పట్లో వసూలువాళ్ల తిట్లు పడలేక, ఆమె ఒకరోజు తాళి పిడికిట పట్టుకుని, "మా ఆయప్ప పోయినాడప్పా" అనేసింది. ఫోన్లు ఆగిపోయాయి. ఎనిమిదేళ్ల తరువాత కూతురి చదువుకు అప్పు కోసం ఇద్దరూ బ్యాంకుకు వెళితే, ఆఫీసరమ్మ క్రెడిట్ రిపోర్టు చూసి, "పాత బాకీ అట్లే ఉంది. మనిషి చనిపోయినట్టు కూడా ఉంది" అంది.

"ఉండాడమ్మా, ఇదో ఉండాడు!" చౌడమ్మ ఏడ్చింది.

"ఆ మాట ఆయన్నే చెప్పనివ్వండి."

గోపాలప్ప గొంతు సవరించుకున్నాడు. అంతలో జేబులో ఫోన్ మోగింది. నంబరు చూడకుండానే తీసి చౌడమ్మ చేతికిచ్చాడు.