స్టకీ సార్జంటు నాణెం కొట్టాడంటే

హార్లన్ స్టకీకి ఒకటే జబ్బు. మావాడు ఒక్కడు కనబడితే చాలు, జేబులోంచి నాణెం తీసి ఠంగుమని బల్లమీద కొడతాడు. బల్ల లేకపోతే గోడ. గోడ కూడా లేకపోతే నా కారు బానెట్టు. దాని సొట్టలు చూసి, వడగళ్ల వానలో చిక్కుకున్నారా అని మెకానిక్కు అడిగాడు. అవునన్నాను. నిజం చెబితే నమ్మేవాడు కాదు.

అది ఖర్చుపెట్టుకునే నాణెం కాదు. మా ఇంజనీర్ల బెటాలియన్‌ది. ఒకవైపు వంతెన, రెండోవైపు మా దళం పేరు. అది జేబులో ఉంటే నువ్వు మావాడివని అర్థం. ఒకడు నాణెం కొడితే అక్కడున్న మావాళ్లందరూ తమ నాణేలు చూపించాలి. చూపించలేనివాడు అందరికీ తాగడానికి పోయించాలి. అందరూ చూపిస్తే కొట్టినవాడే పోయించాలి. మిగతా సైనికులు ఇది ఎప్పుడైనా సరదాకి ఆడతారు. మా సార్జంటుకి వేళాపాళా లేదు.

రిటైరయ్యాక మేమిద్దరం నార్త్ కరోలినాలో, మా సైనిక బేస్ పక్క ఊళ్లోనే ఇళ్లు కొనుక్కున్నాం. పక్కపక్క ఇళ్లు. నా ఖర్మ.

నాకు పిత్తాశయం తీసేసిన రోజు, మత్తు ఇంకా దిగకముందే మంచం కమ్మీమీద ఠంగుమంది.

"నాణెం తియ్యవోయ్ బ్లెడ్‌సో!"

"సార్జంట్, నా ఒంటిమీద ఈ గౌను తప్ప ఏమీ లేదు. వెనకవైపు అదీ లేదు."

"గౌను చూసి శత్రువు జాలిపడతాడటోయ్?"

మా ఆవిడ లొరెట్టా నా తలగడ కిందనుంచి నాణెం తీసి ఆయన ముక్కుకి ఆనించినంత పని చేసింది. "ఇదిగో! ఇక దయచేస్తారా?"

ఆయన నిట్టూర్చి, కిందికెళ్లి అందరికీ కాఫీ తెచ్చాడు. నర్సులకి కూడా. నన్ను తాగొద్దన్నారని నా కప్పు కూడా తనే తాగాడు.

నా బాప్తిస్మం సంగతి ఇంకా ఘోరం. పాస్టరు నన్ను ఏట్లో ముంచి లేపాడు. కళ్లు తుడుచుకునేలోగా ఒడ్డునున్న రాతిమీద ఠంగుమంది.

"పాపాలు పోయాయి సరే, నాణెం ఉందా?"

తెల్లంగీకి లొరెట్టా లోపల కుట్టిన జేబులోంచి నాణెం తీసి పైకెత్తాను. అదేదో ప్రమాణం అనుకుని పాస్టరు "ఆమెన్" అన్నాడు.

ఇన్నేళ్లలో ఆయన గెలిచింది బహు తక్కువ. ఆయన భయానికి మేం స్నానానికి కూడా నాణెంతోనే వెళ్తాం మరి. "ఓడిపోతారని తెలిసీ ఎందుకు కొడతారు?" అని ఒకసారి విసుక్కున్నాను.

"ఈసారైనా దొరుకుతావేమోనని!"

శనివారాలు పొద్దున్నే మా పాతవాళ్లం నడీన్ హోటల్లో కలుస్తాం. ఒక ఏడు తుపాను వరదలో మాలో చిన్నవాడు క్లింట్ ఓవర్బీ ఇల్లు, బండి రెండూ పోయాయి. వాళ్లక్క గ్యారేజీలో పడుకుంటూ, ఎవరు పిలిచినా రావడం మానేశాడు. ఒక శనివారం సార్జంటు నా కారు అక్కడికి పోనిమ్మని, గ్యారేజీ తలుపు దబదబా బాదాడు.

"ఒరేయ్, నడీన్ దగ్గర బిస్కట్లు, గ్రేవీ టిఫిను చల్లారిపోతోంది. ఎక్కు!"

ఓవర్బీ ఎవరివో పొట్టి ప్యాంట్లు వేసుకుని వచ్చాడు. బెంచీ చివర, నా పక్కన కూర్చుని తలెత్తలేదు. పాపం, సరిగ్గా అప్పుడే, మా పాత వంటవాడు ప్రూయిట్ హుషారుగా తన నాణెం తీసి బల్లమీద కొట్టాడు.

"తియ్యండి! అందరూ తియ్యండి!"

అందరూ జేబుల్లో చేతులు పెట్టారు. ఓవర్బీ చెయ్యి జేబులోనే ఉండిపోయింది. "నాది కొట్టుకుపోయింది" అని గొణిగాడు. అది నాకొక్కడికే వినబడింది. వాడు లేచి తలుపు వైపు చూస్తున్నాడు. ఇప్పుడు వెళ్తే ఇక రాడని నాకు అర్థమైంది.

"ఆగండ్రా!" అన్నాడు స్టకీ. "వీడికి నేనింకా చెయ్యి కలపనేలేదు."

కారులో దారిపొడుగునా వాడి పక్కనే కూర్చుని వాడి చెవులు చిల్లులు పడేలా వాగిన మనిషి ఈ మాట అన్నాడు. బల్ల చుట్టూ తిరిగొచ్చి వాడి చెయ్యి పట్టుకుని చాలాసేపు ఊపాడు. సైన్యంలో పెద్దవాళ్లు నాణెం ఇచ్చేది అలాగే, అరచేతిలో దాచి, చెయ్యి కలిపి. ఓవర్బీ పిడికిలి విప్పి, అందులో ఉన్నదాన్ని ఒక్క క్షణం చూసుకుని, బల్లమీద పెట్టాడు.

"ఇక మీది సార్జంట్!" అన్నాడు ప్రూయిట్.

స్టకీ చొక్కా జేబు తడిమాడు. ప్యాంటు జేబులు తిరగేశాడు. టోపీ దులిపాడు. ఒక బూటు కూడా విప్పాడు.

"ఇంట్లో మర్చిపోయినట్టున్నానర్రా."

కేకలకి హోటలు కప్పు ఎగిరిపోయింది. ప్రూయిట్ కుర్చీ ఎక్కి గంతులేశాడు. "ఇది చూడ్డానికే బతికున్నాను!" అంటూ వాళ్లావిడకి ఫోను చేశాడు. నడీన్ గంట మోగించింది. కాఫీతో సరిపెట్టేది లేదని అందరూ గుడ్లు, మాంసం తెప్పించుకున్నారు. ఓవర్బీ రెండు పళ్లేలు తిన్నాడు. మధ్యలో ఒకసారి నవ్వాడు కూడా.

బయటికొచ్చాక సార్జంటుని పక్కకి లాగాను. "నేను చూశాను."

"ఏం చూశావ్? ముందు కళ్లజోడు మార్చుకో."

"ప్రూయిట్ మిమ్మల్ని జీవితాంతం ఏడిపిస్తాడు!"

"ఏడిపించనీ. వాడికింకేం పనుంది?" ఆ తర్వాత చిన్నగా అన్నాడు: "నాణెం అడిగితేగాని మీరెవరూ తలెత్తి నా ముఖం చూడరు కదటోయ్. ఎవడెలా ఉన్నాడో నాకు తెలిసేదెలా?"

పై శనివారం ప్రూయిట్ అందరికీ బనియన్లు అచ్చు వేయించుకొచ్చాడు, గుండెలమీద 'స్టకీ మర్చిపోయాడు' అని. ఓవర్బీ నావైపు చూశాడు. నేను వాడివైపు చూశాను. ఇద్దరం నోరు మూసుకుని తొడుక్కున్నాం. అసలు సంగతి కడుపులో పెట్టుకుని, ఆ బనియన్‌తో ఊరంతా తిరగడం ఎంత నరకమో మీకు తెలియదు.

సార్జంటు మాత్రం తనకూ ఒకటి అడిగి తీసుకున్నాడు. తొడుక్కుని, పొట్ట దగ్గర లాక్కుంటూ ప్రూయిట్ మీద ఎగిరాడు.

"ఏమయ్యా, ఇంకాస్త వదులుది దొరకలేదా నీకు?"