మాటలు చూసి విన్న మా మేనత్త

మొన్న మంగళవారం పొద్దున మా మేనత్త పోయింది. ఆమె కొడుకు, మా బావ, ఫోన్ చేసి "అవ్వ పోయిందే" అని పెట్టేశాడు. కరీంనగర్‌లో ఒక దవాఖానలో, మూతికి మాస్కులు కట్టుకున్న మనుషుల మధ్య పోయింది. మాస్కుల సంగతి ఎందుకు ఎత్తానో చెప్పాలంటే, ఆమె మాట ఎలా వినేదో ముందు చెప్పాలి.

చొప్పదండి దగ్గర మాది సాంచాల ఊరు. కరెంటుతో నడిచే మగ్గాలను మా వైపు సాంచాలు అంటారు. రేకుల షెడ్డులో అవి వరసగా నడుస్తుంటే పక్క మనిషి అరిచినా వినపడదు. అందుకే అక్కడ ఎవరూ అరవరు. గొంతు ఎత్తకుండా పెదాలు మాత్రం కదిలిస్తారు, అవసరమైతే చేతి వేళ్లతో సైగలు చేస్తారు. పెళ్లి సంబంధాలు, అత్తల మీద చాడీలు, పొద్దున వండిన కూర, అన్నీ అట్లాగే నడుస్తాయి. మా అత్త అక్కడ రాట్నం మీద నూలు కండెలు చుట్టేది. ఎదురు రాట్నం లచ్చవ్వది. ఇద్దరూ పొద్దంతా ముచ్చట పెట్టుకునేవాళ్లు. షెడ్డు యజమాని సేటు మీద జోకులు ఆయన పక్కన ఉండగానే వేసేవాళ్లు, పాపం ఆయన కండెలు లెక్కపెట్టుకుంటూ పోయేవాడు.

తల్లులు పసిపిల్లల్ని కూడా షెడ్డులోనే చీర ఊయలల్లో పడుకోబెట్టేవాళ్లు. అత్తకు అది గిట్టేది కాదు. చాయ్ తాగే వేళైందంటే ఎవరి పిల్లనైనా చంకన వేసుకుని బయటికి పోయేది. మొహంలో మొహం పెట్టి మాట్లాడేది. "మాట మొహం మీద పుడ్తది బిడ్డా. మొహం చూపియ్యకుంట వీపు ఎనుకనుంచి మాట్లాడితే పోరగానికి మాట ఎట్ల అంటుకుంటది?" అనేది. నాకూ మాటలు నేర్పింది ఆమేనట. నాకు నోరు ఎక్కువని ఇంట్లో ఎవరన్నా అంటే, "గది నా కష్టమే" అని మురిసిపోయేది.

కిందటేడు చలికాలంలో ఒకనాడు అన్నం తింటూ తింటూ ఆగి, "మీరేం మాట్లాడుతుండ్రు? గులగుల అంటుండ్రు గని ఒక్క మాట తెలుస్తలేదు" అంది. ఇంట్లో ఎవరూ కంగారుపడలేదు. సాంచాల మధ్య బతికినవాళ్లకు చెవుడు రావడం మా ఊళ్లో తల నెరవడం లాంటిదే. బావ చెవి మిషన్ కొనుక్కొచ్చాడు. దాంతో గోల పెరిగింది గానీ మాట అందలేదు. అందరూ ఆమె చెవిలో నోరు పెట్టి అరిచారు. అలా అరిచేవాళ్ల మొహం ఆమెకు కనపడదు కదా. ఆమె చెవులు మూసుకుని ఏడ్చేది. "అత్తకు మతి తప్పింది" అని కోడలు మెల్లగా అనడం మొదలుపెట్టింది.

అప్పుడు లచ్చవ్వ చూడటానికి వచ్చింది. గుమ్మంలో నిలబడి, అలవాటు కొద్దీ, గొంతు లేకుండా పెదాలతో "తిన్నవా వదినె?" అంది. "తిన్న గని, గీళ్లకు ఏమైందే లచ్చవ్వా? ఎవ్వలు నోరు తెరిచినా చప్పుడే గని మాట రాలే" అని అత్త గడగడా చెప్పేసింది. మేమంతా గుడ్లప్పగించి చూశాం. అంతలో వంటింట్లో కుక్కర్ కూస్తే అత్త అటు తిరిగింది. లచ్చవ్వ బావ మీద మండిపడింది. "చెవుడైతే కుక్కర్ సీటీకి అటుదిక్కు చూస్తదారా? ముందుగాల దవాఖానకు నడువు."

డాక్టరు స్కాను చూసి విడమరిచి చెప్పాడు. చెవి బాగానే ఉంది. చప్పుడు మెదడు దాకా పోతోంది. ఆ చప్పుడులోంచి మాటను పోల్చుకునే చోట రక్తం అందక దెబ్బతింది. వాన వానలాగే వినపడుతుంది, మనిషి మాట మాత్రం మాటగా అందదు. పెదాల మీది మాట కళ్ల దారిన వస్తుంది గనక అది ఇంకా మిగిలింది. కాలూ చెయ్యీ పడిపోలేదు గనక అది పక్షవాతమని మాకు తోచనే లేదు. ముందే తెస్తే బాగయ్యేదా అని బావ అడిగాడు. డాక్టరు మందుల చీటీ రాసి చేతిలో పెట్టాడు. ఆ చెవి మిషన్ మీద నాకు ఇప్పటికీ కోపం పోలేదు.

తర్వాత మేమంతా ఆమె ఎదురుగా వచ్చి, వెలుతురులో నిలబడి మాట్లాడటం అలవాటు చేసుకున్నాం. పాత మాటలు ఇట్టే పట్టేది. పాప, మామ, బాబ పెదాల మీద ఒకటే, అయినా ఏ సంగతో చూసి పోల్చుకునేది. కొత్త మాటతోనే ఆమెకు చావొచ్చేది. మనవరాలు పుట్టి ఆకాంక్ష అని పేరు పెడితే, అది ఆమె ఎన్నడూ వినని పేరు, సగం గొంతులోనే ఉండిపోయే పేరు. కోడలి దవడ మీద చెయ్యి వేసి, పెదాలు చూస్తూ, ఒక్కో ముక్క తన నోటితో అని "గిదేనా?" అని అడిగేది. సాయంత్రానికి పట్టుకునేది. తెల్లారేసరికి జారిపోయేది, మళ్లీ చెయ్యి దవడ మీదికి పోయేది. "పోశవ్వ అని పెడితే మీ సొమ్మేం పోయె?" అని తిట్టుకుంటూనే చివరికి నేర్చుకుంది. మతి తప్పిందన్న కోడలే ఓపిగ్గా నేర్పింది.

ఈ నెలలో జ్వరం వచ్చి ఊపిరితిత్తులకు నిమ్ము చేసింది. ఐసీయూలో పెట్టారు. అక్కడ అందరికీ మాస్కులే. చుట్టూ అంతమంది ఉన్నా, ఏ ఒక్కరి మాటా ఆమెకు అందలేదు. "మూతిగుడ్డ తియ్యుండ్రి, మీకు దండం పెడ్త" అని బతిమాలిందట. తీయకూడదమ్మా అని వాళ్లు మాస్కులోంచే చెప్పారు. ఆమె చెయ్యి చాపి ఒక నర్సమ్మ మాస్కు లాగింది. తెలివి తప్పి చేస్తోందనుకుని రెండు చేతులూ మంచానికి కట్టేశారు. బావ ఎన్నిసార్లు చెప్పినా, డ్యూటీ మారితే మళ్లీ కొత్త మనుషులే. వాళ్లను తిట్టను. వాళ్ల భయం వాళ్లది. కానీ మనిషిని అంత ఒంటరిగా పడుకోబెట్టడం నేను ఎక్కడా చూడలేదు.

సోమవారం సాయంత్రం లచ్చవ్వను వెంట తీసుకుపోయాను. లోపలికి పంపలేదు. తలుపుకు అద్దం ఉంటే దాని దగ్గర నిలబడి, మాస్కు గడ్డం కిందికి లాగి, పెదాలు కదిలించడం మొదలుపెట్టింది. వరండాలో జనం వింతగా చూశారు. అత్త తల ఇటు తిరిగింది. ఆమె మూతికి ఆక్సిజన్ మాస్కు, చేతులకు కట్లు. పెదాలు చూసి వినగలదు గానీ, తిరిగి మాట్లాడటానికి లేదు. లచ్చవ్వ ఊరి సంగతులన్నీ చెబుతూ పోయింది. అప్పుడు అత్త కట్టిన చేతి వేళ్లు కదిలాయి.

"ఏమంటుంది?" అని అడిగాను.

"ఇంటికి తీస్కపో అంటుంది. రేపు తీస్కపోత అన్న." అంతే, లచ్చవ్వ ఇక నిలవలేక కొంగుతో మొహం కప్పుకుంది. అద్దం అవతల అత్త ఆ కొంగు వైపే చూస్తూ ఉంది, వేళ్లు ఇంకా ఏదో అడుగుతూనే ఉన్నాయి.