మామకు, అత్తకు నేను నేర్పిన నయాగరా

గోదావరిఖనిలో అమెరికా వీసా ఇంటర్వ్యూ గురించి ఎవరికి సందేహం వచ్చినా నా దగ్గరికే వస్తారు. కారణం ఒక్కటే, నాకు ఆ వీసా రెండుసార్లు రాలేదు. మొదటిసారే తెచ్చుకున్నవాడికి ఏం తెలుస్తుంది, రెండుసార్లు వట్టి చేతులతో బయటికి వచ్చినవాడికే లోతుపాతులు తెలుస్తాయని నేనే ప్రచారం చేసుకున్నాను. పైగా లక్ష్మీనగర్‌లో నాకు స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసులున్నాయి. "నెల రోజుల్లో ఇంగ్లీష్" అని బోర్డు. పదకొండేళ్లుగా అదే బోర్డు.

అందువల్ల మా మేనమామ మల్లయ్య, సమ్మక్క అత్త వీసాకు పెట్టుకోవాలనుకున్నప్పుడు ఆ బాధ్యత నా మీద పడింది. పడిందనడం అబద్ధం. నేనే లాక్కున్నాను.

మామ బొగ్గు బాయిలో ముప్పై నాలుగేళ్లు పనిచేసి సర్దారుగా రిటైరయ్యాడు. షిఫ్టు మొదలయ్యే ముందు బాయిలో కప్పును కర్రతో తట్టి చూసి, దాని కింద మనుషులు పనిచేయొచ్చో లేదో చెప్పడం సర్దారు పని. ఆయనతో పాటు ఒకే షిఫ్టులో ఇరవై ఏళ్లు పనిచేసిన ఎలక్ట్రీషియన్ సుబ్బారావు గారిది గుంటూరు వైపు. క్వార్టర్లలో పక్కపక్క ఇళ్లు. భార్య పోయాక ఆయన డల్లాస్‌లో కూతురు పద్మ దగ్గరికి వెళ్లాడు. ఐదు నెలల కిందట పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. "ఫోన్లో మీ గొంతు వింటే చాలు బాబాయ్, కళ్లు తెరిచి చూస్తున్నారు. ఒక్కసారి రాగలరా?" అని పద్మ ఆహ్వానపత్రం పంపింది.

ఇంత చక్కటి కారణం ఉంటే నేనేం చేశాను? దాన్ని దాచిపెట్టాను.

"స్నేహితుడి కోసం అమెరికా పోతున్నామంటే ఎవరూ నమ్మరు మామా. జబ్బు అన్న మాట అసలే ఎత్తొద్దు. సేవ చేయడానికి అక్కడే ఉండిపోతారనుకుంటారు. చుట్టి చూడటానికి పోతున్నాం అనండి, అంతే" అని ఆజ్ఞ జారీ చేశాను.

"సుబ్బారావన్న కోసమే పోతున్నం గదా?" అన్నాడు మామ.

"అది మన మనసులో ఉంటే చాలు."

మూడు వారాలు రోజూ సాయంత్రం వాళ్లింట్లో తర్ఫీదు. నేను లోపలి గదిలో కిటికీ చువ్వల వెనక కుర్చీ వేసుకుని ఆఫీసర్నయ్యేవాణ్ణి. వాళ్లిద్దరూ వరండాలో నిలబడి జవాబులు చెప్పాలి. మామ ఏది అడిగినా ఉన్నదున్నట్టు చెప్పబోతున్నాడని, ఎక్కువగా అత్తే మాట్లాడాలని తేల్చాను. అత్త చదువుకోలేదు కానీ ఒకసారి విన్నది మరిచిపోదు. ఆమెకు అయిదు చోట్లు కంఠస్థం చేయించాను. మొదటిది నయాగరా జలపాతం.

"అల్లుడా, గా చువ్వల ఎనుక కూసుంటే జైల్ల ఉన్నట్టె కనవడ్తున్నవ్" అని మాత్రం రోజూ అనేది.

బయల్దేరిన రోజు పొద్దున ఐదున్నరకు గోదావరిఖని చౌరస్తాలో షేర్ ఆటో ఎక్కాం. ఫస్ట్ షిఫ్టుకు పోయేవాళ్లతో ఆటోలన్నీ నిండి ఉన్నాయి. రామగుండం స్టేషన్‌కు ఆరు దాటాక చేరాం. హైదరాబాద్ వైపు పోయే రైలు ఇరవై నిమిషాలు ఆలస్యం. చేతిలో మూడు ఫైళ్లు: పెన్షన్ కాగితాలు, కమాన్‌పూర్ దగ్గరి రెండెకరాల పాస్‌బుక్, బ్యాంకు కాగితాలు. మూడు ఫైళ్లూ నేనే పట్టుకున్నాను. ఎవరైనా చూస్తే ఇంటర్వ్యూ నాకే అనుకునేవారు.

పెద్దపల్లి దాటాక అత్త సర్వపిండి డబ్బా తీసింది. ఎదురుగా కూర్చున్న పోస్టాఫీసు ఉద్యోగి కాజీపేట దాకా వెళ్తున్నాడు. ఆయనకూ ఒక ముక్క ఇచ్చింది. తింటూ ఎక్కడికని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే మామ మొదలుపెట్టాడు.

"ఓసారి సెకండ్ షిఫ్టుల కప్పు కూలింది సార్. నా కాలు బండ కింద ఇరికింది. అందరిని బయటికి పంపిన్రు. సుబ్బారావన్న పోలే. బండ తీసేదాక నాలుగు గంటలు నా తలకాడ కూసొని మాట్లాడుకుంటనే ఉన్నడు. సిన్మా కథలు, వాళ్ల ఊరి కథలు, సగం అబద్ధాలే. నేను కన్ను మూస్తె చెంప మీద కొట్టెటోడు. గిప్పుడు ఆయనకు మాట పోయింది. నేను పోయి నెల రోజులు పక్కన కూసొని మాట్లాడి వస్త."

పోస్టాఫీసాయన చేతిలో సర్వపిండి అలాగే ఉండిపోయింది. "గిదే చెప్పుండ్రి సార్ ఆడ" అన్నాడు.

నేను కల్పించుకున్నాను. "అక్కడ కథలు వినరండి. రెండు నిమిషాల్లో తేల్చేస్తారు. వాళ్లకు కావలసిన జవాబులు వేరు."

"మీరు అమెరికా ఎన్నిసార్లు పోయొచ్చిన్రు సార్?" అని అడిగాడాయన, ఎంతో మర్యాదగా.

జమ్మికుంట వచ్చింది. నేను టీ కోసం దిగాను.

పదకొండున్నరకు సికింద్రాబాద్. స్టేషన్ ఎదుట లాడ్జిలో సామాను పడేసి, భోంచేసి, రెండింటికి వేలిముద్రల కేంద్రానికి వెళ్లాం. మొదటి రోజు ఫొటో, వేలిముద్రలు, మర్నాడు ఇంటర్వ్యూ. అత్త పని క్షణంలో అయిపోయిందట. మామ వేళ్లను మాత్రం యంత్రం ఎంతకూ గుర్తించలేదట. అక్కడి అమ్మాయి గుడ్డతో తుడిచి, ఒక్కో వేలూ తన చేత్తో నొక్కి పట్టి చాలాసేపు తంటాలు పడిందని బయటికొచ్చాక చెప్పారు.

"గీతలన్ని బాయిలనే అరిగినయ్ బిడ్డా అన్న. పోరి నవ్వింది" అన్నాడు మామ, ఏదో బహుమతి వచ్చినట్టు.

సాయంత్రం హోటల్లో పూరీ తింటూ చివరి పునశ్చరణ. అత్త నాలుగు చోట్లు గడగడా చెప్పింది. అయిదోది గుర్తు రాలేదు.

"గ్రాండ్ కాన్యన్ అత్తా. చాలా లోతైన లోయ."

మామకు ఒక్కసారిగా ఆసక్తి పుట్టింది. "ఎంత లోతు? మన ఓపెన్‌కాస్టు బొగ్గు బాయి కన్నా లోతా?"

"దానికన్నా ఎన్నో రెట్లు."

"ఎవలు తవ్విన్రు?"

"నది తవ్వింది మామా."

"ఎన్ని షిఫ్టులల్ల?" అన్నాడు. పక్క టేబుల్ వాళ్లు కూడా నవ్వారు. నేను మాత్రం నవ్వలేదు. రేపు ఇట్లాంటివి మాట్లాడితే కొంప మునుగుతుందని మందలించి, లోపల నోరు మూసుకుని ఉండమని, అడిగితే "చూడటానికి పోతున్నం" అన్న రెండు మాటలే చెప్పమని ఒట్టు వేయించుకున్నాను. ముప్పై నాలుగేళ్లు ప్రాణాల బాధ్యత మోసిన మనిషి చేత పూరీ ప్లేటు మీద ఒట్టు వేయించిన ఘనత నాది.

మర్నాడు ఏడింటికి మెట్రో ఎక్కి రాయదుర్గంలో దిగి, అక్కణ్ణుంచి ఆటోలో నానక్‌రామ్‌గూడ. కాన్సులేట్ లోపలికి ఫోన్లు, సంచులు పనికిరావు. ఇంటర్వ్యూ ఉన్నవాళ్లకు తప్ప తోడు వచ్చినవాళ్లకు ప్రవేశం లేదు. తొమ్మిదింటికి ఇద్దరూ ఫైళ్లు పట్టుకుని లైన్లో కలిసిపోయారు. అత్త వెనక్కి తిరిగి, పెదవులతో "నయాగరా" అన్నట్టు చూపింది. నేను బొటనవేలు పైకెత్తాను.

రోడ్డవతల నాలాంటి వాళ్లు చాలామందే ఉన్నారు. తల్లి కోసం ఎదురుచూస్తున్న నిజామాబాద్ ఆవిడను పలకరించి, మీ అమ్మగారికి ఏమేం నేర్పారని అడిగాను.

"ఏం నేర్పలేదన్నా. అడిగిందానికి ఉన్నది చెప్పమ్మా అన్న."

ఆవిడ మీద నాకు నిజంగా జాలి కలిగింది. ప్రశ్నల వెనక ఉండే ప్రశ్నల గురించి పావుగంట వివరించాను. ఓపికగా విన్నది. మధ్యలోనే వాళ్లమ్మ బయటికొచ్చింది. వీసా ఇచ్చేశారట. ఆవిడ పోతూ పోతూ నాకు థాంక్స్ చెప్పింది. ఎందుకో ఇప్పటికీ తెలియదు.

పదకొండు దాటాక మా వాళ్లు వచ్చారు. మామ చేతిలో రెండు పాస్‌పోర్టులు, ఒక కాగితం. వీసా ఇస్తే పాస్‌పోర్టులు వాళ్ల దగ్గరే ఉంచుకుంటారని నాకు తెలుసు. ఈ ఒక్క విషయం మాత్రం నాకు అనుభవంతో తెలుసు.

ఏమైందని అడిగితే అత్త చెప్పింది. కిటికీ వెనక ఓ ఆడ ఆఫీసరట, చిన్న వయసు. పక్కన తెలుగు చెప్పే మనిషి. ఎందుకు పోతున్నారంటే అత్త చూడటానికి అన్నది. ఏం చూస్తారంటే నయాగరా అన్నది. ఎక్కడుంటారంటే డల్లాస్ అన్నది. డల్లాస్ నుంచి నయాగరాకు ఎట్లా పోతారని అడిగింది ఆఫీసరు.

ఇది నేను నేర్పలేదు.

"నాకేం తెలుసు బిడ్డా? నయాగరా డల్లాస్ పక్కపొంటే ఉంటది, ఆటోల పోతం అన్న" అన్నది అత్త.

రెండూ దేశానికి ఆ కొసనొకటి, ఈ కొసనొకటి. ఆఫీసరు మామ వైపు తిరిగి, "మీరు చెప్పండి, అసలు ఎందుకు పోతున్నారు?" అని మెల్లగా, రెండుసార్లు అడిగిందట.

"నువ్వేమన్నావు మామా?"

"చూడటానికి పోతున్నం అన్న." మామ నా మొహం వైపు చూడలేదు. "నీకు మాటిస్తి గదా."

మధ్యాహ్నం ఎవరమూ సరిగ్గా తినలేదు. మూడున్నరకు సికింద్రాబాద్‌లో తిరుగు రైలు. మామ కిటికీ దగ్గర కూర్చున్నాడు. భువనగిరి గుట్ట కనిపిస్తుండగా నేను ఫైళ్లు సర్దుతూ, ఇటీవల వాళ్ల నిబంధనలు మారాయేమో అని ఏదో గొణిగాను.

"అల్లుడా, ఒక్కటి అడుగుత" అన్నాడు మామ. గొంతులో కోపం లేదు. "బాయిల కప్పు తట్టి నేను చెప్పిన మాట మీద ఇరవై మంది లోపలికి పోయెటోళ్లు. నాకు సమజ్ కాని నాడు సమజ్ అయితలేదనే చెప్పెటోణ్ణి. పని ఆగినా సరే, మేనేజర్ తిట్టినా సరే. నీకు తెల్వదని నువ్వెందుకు చెప్పలే?"

మూడు వారాలు ప్రశ్నలు తయారుచేసినవాణ్ణి. ఈ ప్రశ్న మాత్రం నా జాబితాలో లేదు. "తప్పయింది మామా" అన్నాను. అత్త నా మోకాలి మీద చెయ్యి వేసి, "తియ్యి, పోరగాని మొకం సూడు, సున్నమైంది" అన్నది. నాకు నలభై తొమ్మిదేళ్లు.

జనగామ దాటాక మామ ఫోన్ మోగింది. పద్మ వీడియో కాల్. అక్కడ అప్పుడప్పుడే తెల్లవారుతోందట. ఆమె వెనక కుర్చీలో సుబ్బారావు గారు, తల ఒక పక్కకు వాలి ఉంది. "ఏమైంది బాబాయ్?" అన్నది. మామ జవాబు వెతుక్కునేలోపే అత్త ఫోన్ లాక్కుంది.

"ఏం చెప్పాలె బిడ్డా! నయాగరా మీ ఇంటి పక్కకే ఉన్నది, ఆటోల పోతం అన్న. గా దొరసాని కలం కింద పెట్టి నన్నే సూసింది."

ఫోన్లోంచి ఏదో గరగరమని శబ్దం వచ్చింది. ఆయనకు పొలమారిందేమోనని నేను భయపడ్డాను. పద్మ గబుక్కున వెనక్కి తిరిగింది. "నాన్నా?" అని, మళ్లీ మా వైపు తిరిగి, "నవ్వుతున్నారు బాబాయ్. జబ్బు చేశాక ఆయన నవ్వు వినలేదు. ఇదే మొదలు" అంది. తర్వాత ఆమె తెర మీద కనిపించలేదు. ఫోన్ ఆయన ముందు పెట్టి పక్కకు జరిగినట్టుంది.

అంతే, మామ అందుకున్నాడు. "అన్నా, గిదేం జూసినవ్, మా అల్లుని ముచ్చట ఇనలే నువ్వు. వరండల మమ్ముల నిలవెట్టి, లోపల చువ్వల ఎనుక దొర లెక్క కూసునెటోడు..." నా ఇంగ్లీషు, నా ఫైళ్లు, పూరీ ప్లేటు మీద ఒట్టు, నది తవ్విన ఓపెన్‌కాస్టు, ఒక్కటీ వదల్లేదు. కొన్ని కల్పించాడు కూడా. నేను టై కట్టుకోలేదు. కట్టుకున్నానన్నాడు. నేను కాదనలేదు. పైగా ఆయనకు తెలియని నిజామాబాద్ ఆవిడ సంగతి నేనే అందించాను. పక్క సీట్ల వాళ్లు తొంగి చూసి, ఆ టై కట్టుకున్నవాడు నేనేనని గుర్తుపట్టి, మొహమాటం లేకుండా నవ్వారు. కాజీపేట వచ్చింది, పోయింది. మామ ఆపలేదు. తెర మీద సుబ్బారావు గారి ఎడమ చెయ్యి కుర్చీ చేతి మీద కొడుతూ ఉంది, ఇంకా చెప్పు అన్నట్టు.

జమ్మికుంట దగ్గర సిగ్నల్ పోయింది. మామ ఫోన్ తుడిచి జేబులో పెట్టుకుని, రెండు కప్పుల టీ తాగాడు.

ఎనిమిదింటికి రామగుండంలో దిగాం. ఈ దారిన రేపు ఎవరైనా వెళ్లేట్టయితే నేను నమ్మకంగా చెప్పగలిగినవి ఇవి: మెట్రోలో పోతే ట్రాఫిక్ బాధ ఉండదు, ఫోన్లు పట్టుకోవడానికి ఒక మనిషిని తీసుకెళ్లండి, ఆ మనిషి సలహాలు ఇవ్వనివాడైతే మేలు. లోపల ఏం చెప్పాలో మాత్రం నాకు తెలియదు. ఈ మాట అనడం అనుకున్నంత కష్టంగా లేదు.

షేర్ ఆటోలో అత్త మా ఇద్దరి మధ్య ఇరుక్కుని కూర్చుంది. "మళ్ల ఎప్పుడు పెడ్తం ఫారం?" అని అడిగింది.

"రేపే" అన్నాడు మామ. నేను మూడు ఫైళ్లూ ఆయన చేతికిచ్చాను. ఆటో బయల్దేరాక ఆయనే నా వైపు వంగి అన్నాడు: "పది గంటలకు రా అల్లుడా. నేను చెప్త, నువ్వు రాయి. రాసుడు నీకు మంచిగనే వస్తది."