చప్పట్లు కొట్టించుకున్న షాఫ్టు

ఫిల్మ్‌నగర్‌లో నేనుండే గది నుంచి నేను పనిచేసే షెడ్డుకు రెండు బస్సులు మారాలి. షెడ్డు ఎర్రగడ్డ అవతల ఉండేది. రహమత్ నగర్‌లో చూసుకుంటే తక్కువ అద్దెకే, ఒక్క బస్సు దూరంలో, కురవని కప్పున్న గది దొరికేది. అయినా మూడేళ్లు ఆ గుట్ట మీది రేకుల గదిలోనే ఉన్నాను. ఎందుకో చెప్పాలంటే ఇప్పటికీ సిగ్గే. ఊరికి రాసే ఉత్తరం మీద, పంపినవారి చిరునామాలో ‘ఫిల్మ్‌నగర్’ అని రాసుకోవడం కోసం.

ఎక్కడ పని అని ఎవరైనా అడిగితే ఎర్రగడ్డ అని చెప్పాలి. చెప్పగానే, అక్కడి పిచ్చాసుపత్రి గుర్తొచ్చి ఎదుటివాడు, “అయ్యో, ఎన్నాళ్ల నుంచి? మందులు వేసుకుంటున్నావా?” అంటాడు. ఆ హాస్యానికి నవ్వలేక పని సంగతి దాచి ఇంటి సంగతి చెప్పేవాణ్ణి. దాంతో మా ఊళ్లో సగంమంది నేను సినిమాల్లో ఉన్నాననుకున్నారు. నేను అవునని అనలేదు. కాదని కూడా అనలేదు.

నిజానికి నా గదికి ఎదురుగానే ఒక స్టూడియో గేటు ఉండేది. మూడేళ్లలో దాన్ని దాటి లోపల ఒక్క అడుగు వేయలేదు. వాచ్‌మన్‌కు నేనెంత అలవాటైపోయానంటే, పాలప్యాకెట్ పట్టుకుని నా దారిన నేను పోతున్నా సరే, చెయ్యి అడ్డం పెట్టేవాడు.

తొంభైల మొదట్లో మా ఓనరుగారు సి.ఎన్.సి. లేతు తెప్పించారు. లేతంటే ఇనుప దిమ్మను గిర్రున తిప్పుతూ టూలుతో గుండ్రంగా కోసే యంత్రం. పాత లేతుల మీద ఆ టూలును చేత్తో చక్రాలు తిప్పుకుంటూ నడపాలి. దీనికి అంకెలు కొడితే చాలు, అదే నడుపుకుంటుంది. గుమ్మడికాయ కొట్టి, దండ వేసి దాన్ని షెడ్డు మధ్యలో నిలబెట్టారు. దుమ్ము పడకూడదని దాని చుట్టూ అరుగు కట్టి, అరుగెక్కాలంటే చెప్పులు విడవాలన్నారు. డిప్లొమా చదివినవాణ్ణి షెడ్డులో నేనొక్కణ్ణే కాబట్టి దాన్ని నాకు అప్పగించారు. అందరూ చెప్పులు విడిచి వచ్చే చోట రోజంతా నిలబడేవాడికి తాను పూజారినన్న భ్రమ కలుగుతుంది. నాకు అంతకంటే ఒక మెట్టు పైనున్న భ్రమ కలిగింది. ఇనుప రజను కళ్లలో పడుతుందని చెప్పి నల్లకళ్లద్దాలు కూడా కొనుక్కున్నాను.

షెడ్డులో అసలు పెద్ద ఉస్తాద్. యాభై అయిదేళ్ల మనిషి, మీసానికి రంగు వేసేవాడు. చిన్నప్పుడు ఉర్దూ బడిలో చదివినవాడు కనుక సంతకం ఉర్దూలోనే చేసేవాడు. టేకు పెట్టెలో ఆయన సొంత మైక్రోమీటరు ఉండేది. మిల్లీమీటరులో వందో వంతు దాకా కొలిచే ఆ పరికరాన్ని ఎవరి చేతికీ ఇచ్చేవాడు కాదు. షెడ్డు నుంచి ఏ పెద్ద వస్తువు బయటికి వెళ్లాలన్నా దాని తనిఖీ కాగితం మీద రెండు సంతకాలు పడాలి: చేసినవాడిదొకటి, కొలత చూసినవాడిదొకటి. రెండోది ఎప్పుడూ ఉస్తాద్‌దే. అది లేకపోతే ఓనరుగారు చెప్పినా వ్యాన్ కదిలేది కాదు. ఆయనకున్న గౌరవమంతా ఆ సంతకంలోనే ఉండేది.

నేను ఆయన్ని ‘ఉస్తాద్‌గారూ’ అని పిలిచేవాణ్ణి. షెడ్డంతా పగలబడి నవ్వేది.

“ఉస్తాద్ ఉస్తాదే తమ్మీ. గారు ఏంది మల్ల? పెసర్ల గారెనా?” అనేవాడు ఆయన.

ఏప్రిల్లో ఒక పని వచ్చింది. నా ఎదురింటి స్టూడియోలో ఒక పాట కోసం గుండ్రంగా తిరిగే వేదిక కడుతున్నారు. దాని నడుమ నిలబడే షాఫ్టు మేం చేయాలి. నా నడుమంత లావు, గుండెల ఎత్తు ఉన్న ఉక్కు దిమ్మ అది. పైభాగాన బేరింగు కూర్చునే చోటు మాత్రం బేరింగు రంధ్రం కంటే మిల్లీమీటరులో రెండు వందో వంతులు పెద్దదిగా ఉండాలి. మామూలుగా అయితే బేరింగు దానికి ఎక్కదు. నూనెలో కాచి, వ్యాకోచించాక దించితే, చల్లారుతూ బిగుసుకుంటుంది. ఇక వదలదు.

వ్యాన్ సాయంత్రం నాలుగింటికి వస్తుందన్నారు. ఆ రోజు పని ముగిస్తే షాఫ్టుతో పాటు బిగించడానికి నేను వెళ్లవచ్చు. మర్నాటికి పోతే నాకు యంత్రం మీద వేరే పనుంది, ఉస్తాద్ వెళతాడు. నాకీ రెండు ముక్కలు తప్ప ఇంకేమీ వినపడలేదు. యంత్రం వేగం పెంచాను. రజను నీలంగా మాడిపోయి చుట్టలు చుట్టలుగా పడింది. మూడింటికల్లా కోత పూర్తయింది. షెడ్డు మైక్రోమీటరు పెట్టాను. సరిగ్గా రెండు వందో వంతులు ఎక్కువ. నా అంత నిపుణుడు లేడనుకున్నాను.

ఉస్తాద్ అరుగు కిందే చెప్పులతో నిలబడి, చెయ్యి చాచి షాఫ్టు మీద అరచెయ్యి ఆనించాడు. చటుక్కున తీసేశాడు.

“ఉడుకున్నది. పొద్దుగాల కొలుస్త.”

“నేను చూశానండీ. మెషీన్ కూడా అదే చూపిస్తోంది.”

“ఉడుకు మీద కొలిస్తే ఇనుము గూడ నీ లెక్కనే తమ్మీ. ఉన్నదానికంటే జర ఎక్కువ గొడ్తది.”

నవ్వుతూ చెప్పి ఆయన అన్నానికి వెళ్లాడు. ఆలస్యంగా తినడం ఆయన అలవాటు. నేను కాగితం తీసి నా సంతకం చేశాను. పాత కాగితం ఒకటి పక్కన పెట్టుకుని, రెండో గడిలో ఆయన సంతకం చూసి గీశాను. నాకు ఉర్దూలో ఒక్క అక్షరం రాదు. చిన్నపిల్లలు చిలక బొమ్మ వేసినట్టు వేశాను. బాగానే కుదిరిందని మెచ్చుకున్నాను కూడా. ఉస్తాద్ తిరిగొచ్చేలోపే వ్యాన్ షాఫ్టును ఎక్కించుకుని బయల్దేరింది.

ఆ సాయంత్రం వాచ్‌మన్ గేటు తీశాడు. నేను వ్యాన్ ముందు సీట్లో, నల్లకళ్లద్దాలతో, అతడి వంక చూడకుండా లోపలికి వెళ్లాను.

లోపల అట్టలతో కట్టిన రాజమందిరం, నడుమ గుంట, పక్కన ఆటో అంత ప్లాస్టర్ హంస. పొయ్యి మీద నూనె గంగాళం పెట్టారు. షాఫ్టును గుంటలో నిలబెట్టారు. వ్యాన్‌లో గాలి తగిలి, వాళ్లు పొయ్యి వెలిగించేలోపు అది పూర్తిగా చల్లారింది. చుట్టూ పాతికమంది చేరేసరికి నాలో నటుడు లేచాడు.

“కాచకముందు ఇది ఎక్కదు. కావాలంటే చూడండి,” అని గారడీవాడిలా చెయ్యి తిప్పి, గొలుసు కప్పీకి వేలాడుతున్న బేరింగును దించమన్నాను.

దించారు. అది సర్రున జారి, కుండ మీద మూత పడ్డట్టు కూర్చుంది.

ప్రొడక్షన్ మేనేజరు, “భలేవారండీ! ఎక్కదని భయపెట్టి ఎంత సునాయాసంగా ఎక్కించేశారు! కొలతంటే అదండీ!” అంటూ చప్పట్లు కొట్టాడు. పాతికమందీ కొట్టారు.

షాఫ్టు సన్నమైందని ఆ గుంపులో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. వేడి మీద ఉబ్బిన కొలతను నమ్మాను, చల్లారాక అది కుంచించుకుపోయింది. ‘ఆపండి, తప్పయింది’ అంటే సరిపోయేది. నేను కళ్లద్దాలు తీసి, కొద్దిగా వంగి, నమస్కారం పెట్టాను. గదికి వెళ్లాక ఇంటికి ఉత్తరం కూడా రాశాను: ‘ఈ రోజు స్టూడియోలో నాకు చప్పట్లు కొట్టారు.’ అబద్ధం ఒక్కటీ లేదు అందులో.

మర్నాడు షాఫ్టు ఏదని ఉస్తాద్ అడిగితే, వ్యాన్ ఆగలేదని, బేరింగు ఎక్కేసిందని చెప్పాను. మూడోరోజు రిహార్సల్‌లో ఇరవైమంది ఆడపిల్లలు ఎక్కి నాట్యం మొదలుపెట్టగానే, వేదిక కటకటమని ఊగిందట. ప్లాస్టర్ హంస తాళానికి తల ఆడించి, మెడ దగ్గర విరిగి పడిందట. ఎవరికీ దెబ్బ తగల్లేదు. షూటింగ్ ఆగింది. ఓనరుగారు మమ్మల్నిద్దరినీ గదిలోకి పిలిచి కాగితం ఉస్తాద్ ముందుకు తోశారు.

“బేరింగు వదులైందంటున్నారు. ఈ సంతకం మీదేనా?”

ఉస్తాద్ కాగితాన్ని దూరంగా పెట్టి చూశాడు, దగ్గరగా పెట్టి చూశాడు. తర్వాత నా వంక చూశాడు. నేను గోడ మీది క్యాలెండర్‌లో ఏకాదశులు లెక్కపెడుతున్నాను.

“నా పేరే ఉన్నది సార్,” అన్నాడు.

“చూపు తగ్గితే చెప్పాలి కదండీ! స్టూడియోవాళ్ల ముందు పరువు పోయింది. ఇవాళ్టి నుంచి కొలతల జోలికి వెళ్లొద్దు. టూల్స్ సాన పట్టుకోండి. తనిఖీ ఇక కుర్రాడే చూసుకుంటాడు.”

ఇరవయ్యేళ్లు ఏ ఇనుము బయటికి వెళ్లాలో చెప్పిన మనిషి, మూలనున్న సానరాయి ముందు స్టూలు వేసుకుని కూర్చున్నాడు. వచ్చినవాళ్లు అలవాటుగా ఆయనకు కాగితం చాచి, గుర్తొచ్చి, నా దగ్గరికి వచ్చేవాళ్లు. నేను రెండు గడుల్లోనూ నా సంతకమే చేసేవాణ్ణి. పదోన్నతి అంటే ఇదే కాబోలు.

కొత్త దిమ్మ వచ్చింది. రెండో షాఫ్టు యంత్రం మీద సగం కోసి ఉండగా, మధ్యాహ్నం ఉస్తాద్ అరుగు దగ్గరికి వచ్చాడు. టేకు పెట్టె నా ముందు పెట్టాడు.

“ఉంచుకో. సానరాయి కాడ నాకు దీంతోని ఏం పని?”

“వద్దండీ...”

“నూనె గుడ్డతోని తుడువు, నీళ్లు తగలనియ్యకు.” రెండడుగులు వేసి ఆగాడు. “ఇంకోటి. ఉర్దూ కుడిదిక్కుకెల్లి రాస్తరు. నువ్వు ఎడమకెల్లి షురూ జేసినవ్. కలం ఒత్తు సూస్తె ఎరుకైతది.”

“మరి ఆ రోజే సారుకు ఎందుకు చెప్పలేదండీ?”

“నువ్వు జెప్తవేమో అని సూసిన. నువ్వు గోడకు సూస్తుంటివి.”

అరుగు దిగి ఓనరుగారి గదిలోకి వెళ్లి చెప్పేశాను. ఇక్కడ నన్ను మెచ్చుకోకండి. షాఫ్టు సగంలో ఉంది, స్టూడియోవాళ్లు గంటకోసారి ఫోన్ చేస్తున్నారు, ఆ యంత్రం నడపగలవాడు నేను తప్ప షెడ్డులో లేడు. నన్ను తీసేయలేరని నాకు తెలుసు. పశ్చాత్తాపపడటానికి కూడా క్షేమమైన ముహూర్తం చూసుకున్నవాణ్ణి నేను.

ఓనరుగారు అంతా విని, “మీకు ఉర్దూ వచ్చా?” అన్నారు.

“రాదండీ. బొమ్మలాగా గీశాను.”

ఆ కాగితం తీసి నా ముందు పెట్టారు. “నాకు చెప్పినట్టే బయటికెళ్లి అందరి ముందూ చెప్పండి. ఇకమీదట ఆ వ్యాన్ ఎక్కొద్దు.”

షెడ్డు మధ్యలో నిలబడ్డాను. “ఆ సంతకం ఉస్తాద్‌గారిది కాదు. నేను గీశాను. కొలత తప్పు కూడా నాదే,” అన్నాను.

పాత లేతు దగ్గర నుంచి ఒకతను, “జర జోర్‌సే చెప్పు భాయ్, పంకా సప్పుడుల ఇనవడ్తలేదు!” అన్నాడు.

మళ్లీ చెప్పాను. ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఇంకొకతను మాత్రం, “అరే, హీరో డైలాగ్ మర్చిపోకుండ జెప్పిండురా!” అన్నాడు. అందరూ నవ్వారు. ఉస్తాద్ నవ్వలేదు. సానరాయి ఆపి, చేతులు తుడుచుకుని, చెప్పులతోనే అరుగెక్కాడు. విడవమని ఎవరూ అనలేదు, నేనైతే అసలే అనలేదు.

చివరి కోత మిగిల్చి యంత్రం ఆపమన్నాడు. షాఫ్టు మీద అరచెయ్యి పెట్టాడు.

“ఉడుకున్నది. కూసో.”

ఇద్దరం అరుగు మీద కూర్చున్నాం. క్షమించమని అడగడానికి మాటలు వెతుక్కుంటుంటే ఆయన పాత తనిఖీ కాగితం తిప్పి, ఖాళీ వైపు నా ముందు పెట్టాడు.

“గిది సల్లవడేదాక ఏం జేస్తవ్? రాయి, నా పేరు. కుడిదిక్కుకెల్లి.”

“మీ సంతకం నేనెందుకండీ...”

“ఎట్లనో రాస్తనే ఉన్నవ్. సక్కగన్న రాయి.”

కాగితం నిండేదాకా రాయించాడు. వంకర పోయినచోటల్లా మొట్టికాయ వేశాడు. నాకప్పుడు ఇరవై ఎనిమిదేళ్లు. చుట్టూ ఉన్నవాళ్లు టీ గ్లాసులు పట్టుకుని వచ్చి చూసి వెళుతున్నారు. మధ్యమధ్యలో ఆయన వెళ్లి షాఫ్టును తాకి వస్తున్నాడు. నాలుగోసారి చెయ్యి తీయకుండా అలాగే ఉంచి, “ఇగ తే,” అన్నాడు. టేకు పెట్టె అందించాను. యంత్రం ఆపగానే నేను చూసుకున్న కొలతకూ దానికీ ఆరు వందో వంతుల తేడా వచ్చింది. దాన్ని బట్టి చివరి కోత వేశాం. కాగితం మీద మొదటి గడిలో నేను, రెండో గడిలో ఆయన సంతకం చేశాం. పెట్టెను చంకలో పెట్టుకున్నాడు, నాకు తిరిగి ఇవ్వలేదు.

మర్నాడు వ్యాన్‌లో ఆయన వెళ్లాడు. ఆ సాయంత్రం నేను బస్సు దిగి గదికి పోతూ ఆ గేటు ముందు కాసేపు నిలబడ్డాను. వాచ్‌మన్ చెయ్యి అడ్డం పెట్టాడు.

తర్వాతి రోజు పొద్దున షెడ్డులో అడుగు పెట్టగానే అడిగాను.

“బేరింగు ఎక్కిందాండీ?”

“గంట సేపు నూనెల కాచినం. అప్పుడు దిగింది. సల్లవడ్డంక సుత్తెతోని కొట్టినా కదుల్తలేదు.”

అడగకూడదనుకుంటూనే అడిగాను. “ఎవరన్నా చప్పట్లు కొట్టారా?”

ఉస్తాద్ మీసం దువ్వుకుంటూ నా వంక చూశాడు.

“ఎవలున్నరు కొట్టనీకి? గంట సేపు ఎవడు నిలవడ్తడు? అందరు చాయ్‌కి పోయిండ్రు.”