శ్రీశైలం ప్రయాణానికి ముందు రోజు: అమీర్‌పేట, పంజాగుట్టల మధ్య మా కారుకు కొత్త బ్యాటరీ

శ్రీశైలానికి కారులో ఎలా వెళ్లాలి, ఎన్నింటికి బయలుదేరాలి అని ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు. ఆ దారి గురించి రాద్దామనే కూర్చున్నాను. రాయడం మొదలుపెట్టగానే మనసు మాత్రం దాని ముందు రోజు మీదికే పోతోంది. ఆ గురువారం మేం ఊరు దాటలేదు. అమీర్‌పేటకూ పంజాగుట్టకూ మధ్య, మెట్రోలో ఒక్క స్టేషన్ దూరంలో, అటూ ఇటూ తిరిగాం. నా వరకు అసలు ప్రయాణం అదే.

మాది తెనాలి. మైత్రీవనం దగ్గర ఒక కోచింగ్ సెంటర్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పాఠాలు చెబుతాను. అత్తవారిది సిరిసిల్ల. మా మామయ్య రాజయ్య గారు మగ్గాల ఇంట్లో పుట్టి, బస్సు డిపోలో ఎలక్ట్రీషియన్‌గా చేరి, ముప్పై ఏళ్లకు పైగా అదే పని చేసి రిటైరయ్యారు. ఇప్పుడు ఎస్.ఆర్.నగర్‌లో మాతోనే ఉంటారు. నిరుడు మేం ఒక విదేశీ కారు సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాం. సిగ్నల్ దగ్గర ఆగితే దానంతటదే ఇంజన్ ఆపుకొని, మళ్లీ కదిలేటప్పుడు తనే స్టార్ట్ చేసుకునే రకం. దాంతోపాటు వచ్చిన లావుపాటి ఇంగ్లీషు పుస్తకాన్ని మా ఇంట్లో చదివింది మామయ్య ఒక్కరే. రోజుకో రెండు పేజీలు చదివి, తెలియని మాటల కింద పెన్సిల్‌తో గీత పెట్టుకొని, సాయంత్రం నేను రాగానే అర్థం అడిగేవారు.

శుక్రవారం తెల్లవారుజామున ఐదింటికి బయలుదేరాలని మా ఏర్పాటు. గురువారం ఉదయం ఎనిమిదింటికి టైర్లలో గాలి చూపిద్దామని కిందికి దిగి రిమోట్ నొక్కితే కారు ఉలకలేదు, పలకలేదు. మా ఆయన అప్పటికే ఖైరతాబాద్‌లో ఆఫీసుకు వెళ్లిపోయారు. ఈ కారులో బ్యాటరీ ఉండేది వెనక డిక్కీలో. బ్యాటరీ చచ్చిపోతే ఆ డిక్కీ తెరుచుకోదు! నేను తల పట్టుకున్నాను. మామయ్య మాత్రం రిమోట్ లోపల దాగి ఉన్న చిన్న తాళంచెవి బయటికి లాగి, డ్రైవర్ తలుపు తీసి, బానెట్ ఎత్తి, అక్కడ ఎర్ర మూత కింద, డిక్కీలోని బ్యాటరీకి కలిసే బోల్టు చూపించారు. పై అంతస్తు వాళ్ల కారు పక్కన పెట్టి, రెండు వైర్లు కలిపితే మాది లేచింది.

తొమ్మిదిన్నరకల్లా అమీర్‌పేటలో ఒక బ్యాటరీ షాపుకు చేరాం. మీరూ అటు వెళ్లాలనుకుంటే పదిలోపే వెళ్లండి, ఆ తర్వాత కోచింగ్ పిల్లల రద్దీలో బండి నిలపడానికి చోటుండదు. షాపు యజమాని సురేందర్ నలభై ఏళ్ల మనిషి, చేతి వేగం ఉన్నవాడు. డిక్కీ తీసి, పాతది లాగి పక్కన పెట్టాడు. మామయ్య వంగి చూడబోతే నవ్వుతూ అన్నాడు.

"పెద్దాయన, మీరు జర గా కుర్చీల కూసోండి. గిది బస్సు గాదు."

మామయ్య కూర్చున్నారు. ఇరవై నిమిషాల్లో కొత్త బ్యాటరీ బిగించేశాడు. ఏడువేల ఎనిమిదొందలు. మీట నొక్కగానే ఇంజన్ చక్కగా అందుకుంది. అప్పుడు మామయ్య లేచి అడిగారు.

"కొత్త బ్యాటరీ ఏసిన ముచ్చట కారుకు చెప్పినవా?"

"కారుకు చెప్పుడేంది పెద్దాయన? గదేమన్న మనిషా?" సురేందర్ పగలబడి నవ్వాడు. "ఎదురు బెంచీ మీద కూసున్న ఇద్దరు సుత నవ్విండ్రు" అని తర్వాత మామయ్య మా ఆయనతో చెప్పారు. నేనూ నవ్వాను. ఆ సంగతి ఆయన చెప్పలేదు.

పదకొండింటికి నాకు క్లాసు ఉంది. మామయ్యను ఇంటి దగ్గర దింపేద్దామని బండి తిప్పాను. మైత్రీవనం సిగ్నల్ దాటుతుండగా ఆయన నెమ్మదిగా అన్నారు.

"బిడ్డా, జర పక్కకు ఆపు."

"ఏంటి మామయ్యా? బండి బాగానే నడుస్తోంది కదా. నాకు క్లాసు టైమవుతోంది."

"నడుస్తుంది. గని డిక్కీల ఒక సన్న రబ్బరు పైపు ఊర్కెనే ఏలాడుతుంది. పాత బ్యాటరీకి అది తలిగించి ఉండె. బ్యాటరీల నుంచి లేచే గ్యాసును బయటికి పంపే పైపు అది. ఆయన దాన్ని కలపలే."

విసుగ్గానే బండి ఆపాను. ఆయన నా వైపు చూడకుండా, ఎదురుగా అద్దంలోంచి రోడ్డు చూస్తూ చెప్పారు.

"మా డిపోల మల్లేశం అని నా జోడీగాడు ఉండె. చార్జింగ్ రూముల కిటికీలు మూసి ఉన్నయి, చూసుకోలే. వైరు పెట్టంగనే నిప్పురవ్వ లేచింది. బ్యాటరీ ఫట్టుమని పగిలింది. కుడి కన్ను పోయింది బిడ్డా ఆయనకు. నేను బయట చాయ్ తాగుతున్న. రేపు వెనక సీట్ల మనవరాలు కూసుంటది. డిక్కీకి, ఆమెకు నడుమ ఒక్క సీటే అడ్డం."

నేను ఫోను తీసి సెంటర్‌కు చేసి, ఈ రోజు రాలేనని చెప్పాను.

ఎవరైనా సరిగ్గా చూసి చెప్పేవాళ్లు కావాలి. పంజాగుట్టలో, మెయిన్ రోడ్డు వెనక సందులో, కార్ల కంప్యూటర్ పని చేసే జహీర్ భాయ్ గురించి మా సెంటర్‌లో ఒకరు చెప్పగా విన్నాను. ట్రాఫిక్‌లో అక్కడికి పావుగంట పట్టింది. జహీర్ భాయ్‌కి యాభై దాటి ఉంటాయి. మెడలో కళ్లజోడు, చేతిలో పలకలాంటి స్కానర్. డిక్కీ తీసి చూడగానే ముఖం ముడుచుకున్నాడు.

"ఎవరు ఏసిండ్రు మేడం ఇది? దీన్ల మామూలు బ్యాటరీ నడవదు. ఏజీఎం అని వేరే రకం ఉంటది, అదే కావాలె. పైపు పెట్టే జాగ కూడా లేదు దీనికి." స్కానర్ తగిలించి తెర మా వైపు తిప్పాడు. "ఇగో, బండి ఇంకా పాత బ్యాటరీనే ఉంది అనుకుంటుంది. దానికి ఇచ్చినంత జోరుగ దీనికి చార్జింగ్ ఇస్తుంది. ఇది తట్టుకోదు. గ్యాస్ చేస్తది. ఈ సాబ్ చూసిండు కాబట్టి సరిపోయింది."

మొన్నటిదాకా పెన్సిల్ గీతల పుస్తకంతో నా వెనక తిరిగిన మనిషి కేసి తిరిగి చూశాను. ఆయన పంచె అంచుతో కళ్లజోడు తుడుచుకుంటున్నారు.

సరైన బ్యాటరీ తన దగ్గర లేదన్నాడు జహీర్ భాయ్. మళ్లీ అమీర్‌పేటకే వెళ్లాలి. దారి పొడుగునా సురేందర్‌తో ఎలా గొడవ పెట్టుకోవాలో మనసులో మాటలు పేర్చుకున్నాను. షాపు ముందు దిగి నోరు తెరవబోతుంటే మామయ్య చెయ్యి అడ్డం పెట్టారు. "నేను మాట్లాడతా" అని, సురేందర్ భుజం మీద చెయ్యి వేసి డిక్కీ దగ్గరికి తీసుకుపోయారు.

"గీడ సూడు తమ్మీ. బ్యాటరీ గూడు పక్కన కంపెనీవాళ్లు చీటీ అతికిచ్చిండ్రు. ఏ రకం ఉండాలె, ఎంతది ఉండాలె, అంతా రాసి ఉంది. దుమ్ము పట్టింది గందుకే నీకు కనవడలే."

జేబురుమాలుతో ఆ చీటీ తుడిచారు. సురేందర్ వంగి, అక్షరాలు కూడబలుక్కొని చదివాడు. తర్వాత పాత బ్యాటరీ తెచ్చి దాని మీద రాత కూడా చూశాడు.

"తప్పయింది సార్," అన్నాడు చివరికి. పెద్దాయన కాస్తా సార్ అయ్యారు. "గోడౌన్ నుంచి తెప్పిస్తా. రెండు గంటలు పడతది."

ఆ రెండు గంటల్లో పక్క వీధి మెస్‌లో భోజనం చేశాం. నూట ఇరవైకి పప్పు, గోంగూర, రెండు కూరలు, పెరుగు. వడ్డించే ఆవిడ "ఇంకొంచెం వేసుకోండి బాబాయి గారూ" అని గోంగూర మళ్లీ వేస్తే, మా తెనాలి యాస విని మామయ్య "మీ ఊరామె" అని నా వైపు చూసి నవ్వారు. నేను కలిపిన ముద్ద కంచంలోనే వదిలేశాను. "మామయ్యా, పొద్దున వాళ్లతో పాటు నేను కూడా నవ్వాను" అన్నాను.

"సూసిన," అన్నారు ఆయన, పెరుగు కలుపుకుంటూ. "నవ్వినవు. మల్ల బండి సుత ఆపినవు. తిను ముందు."

మూడింటికి ఏజీఎం బ్యాటరీ వచ్చింది. పొద్దున ఇచ్చిన ఏడువేల ఎనిమిదొందలు లెక్కలో వేసుకున్నా, ఇంకో ఎనిమిదిన్నర వేలు పడింది. సురేందర్ దాన్ని గూటిలో దించబోతుంటే మామయ్య ఆగమన్నారు. లోపలికి వెళ్లాక లేబుల్ కనపడదని, దాని మీది సీరియల్ నంబరు కాగితం మీద రాసుకున్నారు. దించాక, ఆ రబ్బరు పైపును తనే బ్యాటరీ పక్కనున్న రంధ్రంలో పెట్టి, వేలితో నొక్కి, లాగి చూసి, మళ్లీ నొక్కారు. సురేందర్ టార్చ్ పట్టుకొని నిలబడ్డాడు.

నాలుగున్నరకు మళ్లీ పంజాగుట్టలో ఉన్నాం. జహీర్ భాయ్ స్కానర్ తగిలించి ఒక్కొక్కటే అడిగాడు. రకం? ఏజీఎం. సామర్థ్యం? ఎనభై. సీరియల్ నంబరు? మామయ్య కాగితం విప్పి ఒక్కో అంకె చదివారు. చివర తెర మీద ఆకుపచ్చ మీట వచ్చింది. జహీర్ భాయ్ స్కానర్‌ని మామయ్య చేతుల్లో పెట్టాడు.

"మీరే నొక్కుండ్రి సాబ్."

చొక్కాకు వేలు తుడుచుకొని నొక్కారు. నాలుగైదు సెకన్ల తర్వాత, కొత్త బ్యాటరీ నమోదైందని ఇంగ్లీషులో వచ్చింది. మామయ్య ఆ వాక్యాన్ని పైకి చదివారు. ఒక్క మాటకు కూడా నన్ను అర్థం అడగలేదు. నాకు కళ్లు చెమర్చాయి. నా దగ్గర చదువుకున్నవాళ్లకు పెద్ద పెద్ద ఉద్యోగాలొచ్చినప్పుడు కూడా నేను అంత గర్వపడలేదు.

ఏడొందలు తీసుకొని జహీర్ భాయ్ చెప్పాడు, "రాత్రంతా తాళం ఏసి వదిలేయండి. కొత్త బ్యాటరీ లెక్క బండి నేర్చుకుంటది. పొద్దుగాల చూడండి." తర్వాత మామయ్యతో అన్నాడు, "సాబ్, ఖాళీగ ఉంటే అప్పుడప్పుడు వచ్చి కూసోండి. నాకు కంప్యూటర్ తెలుసు. మీకు బ్యాటరీ తెలుసు."

మర్నాడు అనుకున్నట్టే ఐదింటికి బయలుదేరాం. ఎనిమిదిన్నరకు మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర బండ్ల వరసలో ఆగగానే ఇంజన్ దానంతటదే ఆగింది. చాలా నెలలుగా ఆ పని చేయని కారు అది. వరస కదలగానే మెత్తగా అందుకుంది. వెనక సీట్లో మా పాప చప్పట్లు కొట్టింది. అక్కణ్ణుంచి నల్లమల అడవి, ఫోన్ సిగ్నల్ లేని ఘాట్ రోడ్డు. నేను ఎక్కడా భయపడలేదు.

మామయ్య ఇప్పుడు మంగళవారం, శుక్రవారం మెట్రో ఎక్కి పంజాగుట్ట వెళ్తున్నారు. ఎస్.ఆర్.నగర్ నుంచి రెండో స్టేషనే. మొదటి రోజు పొద్దున డిపో రోజుల నాటి స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకుంటుంటే, సీనియర్ పౌరుల సీట్లో కూర్చోమని చెప్పాను. "పనికి పోతున్న బిడ్డా, నిలవడతా" అన్నారు. కొత్త చోట్లు చూడడానికే ప్రయాణం అని ఇన్నాళ్లూ రాస్తూ వచ్చాను. ఏడాదిగా ఒకే బల్ల దగ్గర అన్నం తింటున్న మనిషిని చూడడానికి నాకు ఆ రెండు కిలోమీటర్లూ ఒక రోజంతా పట్టింది.

మీరూ దూరం బయలుదేరుతుంటే ఒక్క మాట: బ్యాటరీ మార్పించే ముందు పాత బ్యాటరీ లేబుల్‌నూ, దాని గూటి పక్కన ఉండే చీటీనీ ఫోటో తీసుకోండి. రకం, సామర్థ్యం కొత్తదాంతో సరిపోయాయా, గ్యాస్ పైపు కలిపారా అని మీ కళ్లతో చూసుకొని, కారు కంప్యూటర్‌లో నమోదు చేయించాకే డబ్బులివ్వండి. ఈ పనంతా ప్రయాణానికి కనీసం ఒక రోజు ముందే ముగించుకోండి.